నొప్పైతదని చెప్పే నర్సమ్మ

పోయిన సోమవారం చిలకలగూడలోని పిల్లల దవాఖానాకు ఫోను చేస్తే, నర్సమ్మ చనిపోయిందన్నారు. గుండెపోటట. దుఃఖం కంటే ముందు భయం వచ్చింది. రాయడానికి సిగ్గుగానే ఉంది. గురువారం నా మనవరాలికి రక్తం తీయించాలి.

పిల్లకు ఆరేళ్లు. ఒంట్లో రక్తం తక్కువని నెలనెలా పరీక్ష చేస్తారు. మొదటిసారి, రెజిమెంటల్ బజార్‌లో గాజులు కొనిస్తానని చెప్పి ఆటో ఎక్కించాను. దవాఖానా గుమ్మం చూడగానే పిల్లకు అర్థమైపోయింది.

"తాత అబద్ధం చెప్పిండు!" అని అరిచింది. అందరూ నావైపే చూశారు.

లోపల కూడా, "ఏం కాదు బిడ్డా, చీమ కుట్టినట్టు ఉంటది" అన్నాను.

నర్సమ్మ సూది పక్కన పెట్టేసింది. "చీమనా? అయితే మీకే గుచ్చుత, కూసోండ్రి పెద్దయ్యా!"

పిల్ల ఏడుపు మధ్యలో నవ్వింది.

నర్సమ్మ స్టూలు మీద కూర్చుని, చేతులు రుద్దుకుని వెచ్చ చేసుకున్నాకే పిల్లను ముట్టుకుంది. "నొప్పైతది బిడ్డా. జెరసేపే. ఏడుపొస్తే ఏడువు. ఏ చెయ్యి ఇస్తవో నువ్వే చెప్పు."

పిల్ల చాలాసేపు ఆలోచించింది. బయట జనం గొణుగుతున్నారు. ఆమె తొందరపెట్టలేదు. "ఇప్పుడు దూది, సల్లగుంటది" అంటూ ప్రతిదీ ముందే చెప్పింది. పిల్ల ఏడ్చింది, కానీ పెనుగులాడలేదు.

వచ్చేటప్పుడు నర్సమ్మ నాతో మెల్లగా అంది. "సూది బాధ సాయంత్రం పొద్దుమీకే దాకా ఉండది పెద్దయ్యా. గాజుల ముచ్చట మాత్రం ఆ పిల్ల మరువది."

నాలుగేళ్ల పిల్లకైనా, పదేళ్ల పిల్లాడికైనా ఆమె మాట అదే. ఏడాది పాటు చూశాను.

బుధవారం సాయంత్రం మనవరాలు అడిగింది. "తాతా, రేపు నర్సమ్మనే కదా తీసేది?"

"ఊరికి పోయిందని చెప్పుండ్రి మామా" అని కోడలు నా వెనక నిలబడి గుసగుసలాడింది.

నేను పిల్లను దగ్గరికి తీసుకున్నాను. "నర్సమ్మ చనిపోయింది బిడ్డా. రేపు వేరేటామె తీస్తది."

పిల్ల నా ముఖమే చూసింది. "ఆమెకు నొప్పైందా?"

"తెల్వదు బిడ్డా."

"నీకు భయమైతుందా?"

"అయితుంది."

ఆ రాత్రి పిల్ల అన్నం సగమే తిన్నది.

గురువారం కొత్త నర్సు, చిన్న వయసామె, "కళ్లు మూసుకో పాపా, ఏం కాదు" అంది.

మనవరాలు మూసుకోలేదు. "నొప్పైతదని చెప్పు" అంది.

ఆ నర్సు నావైపు చూసింది. నేను తల ఊపాను.

"అయితది" అంది ఆమె, చిన్న గొంతుతో.

పిల్ల గౌను చేతిని తనే పైకి జరుపుకుంది. "ఈ చెయ్యి" అంటూ ఆ సన్నటి చేతిని బల్ల మీద పెట్టింది.