బయటి డ్రైవు, లోపలి డిస్కు

నాచారంలో డ్యూటీకి రిపోర్టు చేసిన రోజు వాన. పారిశ్రామికవాడ రోడ్డంతా బురద నీళ్లు. రెండు పక్కలా లారీలు. ఎడమవైపు మందుల కంపెనీల ఘాటు వాసన, కుడివైపు వరసగా రేకుల షెడ్లు. మాది సందు చివరిది. ప్లాస్టిక్ మూతలు పోసే అచ్చులు తయారుచేసే చిన్న యూనిట్. నా డ్యూటీ గేటు, స్టోరు, ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు. సైన్యంలో తీగలూ రేడియోలూ చూసే సిగ్నల్స్‌లో చేసి నాయబ్ సుబేదారుగా రిటైరైనవాణ్ణి కనుక తీగ ఉన్న ప్రతి వస్తువూ నాకే అప్పగించారు.

ఉప్పల్‌లో మా కాలనీవాళ్లు జెండా పండుగ వస్తే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచు గురించి, కాల్పుల గురించి చెప్పమంటారు. చెప్తాను. వాళ్లకు కావలసింది అదే. కానీ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండే డ్యూటీ నాచారంలో చేశాను. అది ఎవరూ అడగరు కనుక ఈసారి నేనే చెప్తున్నాను.

అచ్చుల బొమ్మలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ది గోదావరి వైపు. యాభై దాటిన మనిషి. ఒక కంటికి శుక్లం తీయించుకున్నాడు, రెండోది మసక. బోర్డు మీద పెన్సిల్ గీత ఆయనకు ఆనదు. కంప్యూటర్‌లో అయితే ఒక్క గీతను తెరంత పెద్దది చేసుకుని చూడొచ్చు. ఆ యూనిట్లో తయారైన ప్రతి అచ్చు బొమ్మా ఆ కంప్యూటర్ లోపలి డిస్కులోనే ఉంది. పాత అచ్చు అరిగితే దాని బొమ్మ తెరిచి కొలతలు తీసేవాడు. కొత్త అచ్చు కావాలంటే పాత బొమ్మనే దిద్దేవాడు. ఆ డిస్కు ఉన్నన్నాళ్లే ఆయన ఉద్యోగం. ఆ సంగతి ఆయనే నాకు చెప్పాడు, నవ్వుతూ.

ఫోర్‌మన్ దమ్మాయిగూడ మనిషి. మిషన్ల దగ్గరికీ ఆఫీసుకీ స్టోరుకీ మధ్య ఇంటర్‌కం ఉండేది. నేను వైర్‌లెస్ అలవాటు కొద్దీ మాట చివర ‘ఓవర్’ అనేవాణ్ణి. అతను అది పట్టుకున్నాడు.

“సుబేదార్ సాబ్, ఛాయ్ వచ్చింది. ఓవర్.”

దసరా వారంలో యజమాని ఆర్డరిచ్చాడు. అరచేతిలో పట్టే యూఎస్‌బీ డ్రైవు టేబుల్ మీద పెట్టాడు.

“చర్లపల్లి పార్టీ కొలతల సాఫ్ట్‌వేర్ ఒకటి ఇస్తుండన్నా. అది లినక్స్ మీదనే నడుస్తదంట. గీ డ్రైవ్‌ల లినక్స్ ఎక్కియ్యి. లోపలి డిస్క్ మాత్రం ముట్టకు. బొమ్మలన్నీ అండ్లనే ఉన్నయ్.”

లినక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపించే వ్యవస్థ. ఆర్డరు సరైనదే. నా ప్లాను చెప్పాను. ముందు బొమ్మలన్నీ సీడీల్లోకి కాపీ. తర్వాత క్యాబినెట్ తెరిచి లోపలి డిస్కు తీగ పీకెయ్యడం. అప్పుడు బయటి డ్రైవు ఒక్కటే ఉంటుంది, రాసేదేదైనా దాని మీదే రాస్తుంది. సిగ్నల్స్‌లో లైను మీద చెయ్యి వేసే ముందు అవతలి కొస విప్పడం మాకు మొదటి పాఠం. కనబడని డిస్కును ఏ ప్రోగ్రామూ పాడుచేయలేదు.

“దాని జోలికే పోనప్పుడు కాపీ ఏందన్నా?” అన్నాడు యజమాని. “నువ్వు ప్రతిదానికీ గట్ల ఫికర్ చేస్తవ్.”

డ్రాఫ్ట్స్‌మన్ నా వైపు చూశాడు. “కాపీ తీయిస్తే మంచిదేమోనండీ,” అన్నాడు మెల్లగా. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

పని పెట్టుకున్నది ఆయుధపూజ నాడు. కొత్త పని ఆ రోజే మొదలవ్వాలని యజమాని పట్టు. స్క్రూడ్రైవరు, టార్చి, లినక్స్ సీడీ పట్టుకుని పొద్దున్నే వెళ్లాను. అప్పటికే ఆలస్యమైపోయింది. లేతు, డ్రిల్లు, ప్రెస్సు అన్నిటికీ బొట్లు. కంప్యూటర్ క్యాబినెట్‌కు బంతిపూల దండ, చుట్టూ పసుపుదారం. స్క్రూల మీద కుంకుమ. దారం కట్టింది యజమాని తల్లి.

“కట్టిన కంకణం ఇప్పద్దు బిడ్డా,” అందామె. “ఇయ్యాల దాన్ని తెర్వద్దు.”

“అయితే ఎల్లుండి చేద్దాం సార్,” అన్నాను.

“ఇయ్యాల సాయంత్రం చర్లపల్లిల డ్రైవ్ ఇస్తనని మాటిచ్చిన. గిట్లనే కానియ్యి,” అన్నాడు యజమాని.

పళ్లు నూరుకుని కూర్చున్నాను. ఇన్‌స్టాలర్ ఒక్కొక్క ప్రశ్నా అడిగింది. భాష, కీబోర్డు, ఏ డిస్కు. సైజు చూసి బయటి డ్రైవును ఎంచాను. మళ్లీ సరిచూశాను. చివరి తెర వచ్చింది. కంప్యూటర్ లేచేటప్పుడు ముందుగా నడిచే చిన్న ప్రోగ్రాము ఒకటుంటుంది, దాన్ని బూట్‌లోడర్ అంటారు. అది ఏ డిస్కు మొదట్లో ఉండాలో చెప్పడానికి ఆ తెర కింద మూలన చిన్న బటన్ ఉంది. మనం చెప్పకపోతే అది తనంతట తానే లోపలి డిస్కు మొదట్లో రాసేస్తుంది.

పూజ తర్వాత ప్రతి మిషన్ మీదా మొదటి పని యజమాని చేతి మీదుగా జరగాలని అక్కడ ఆనవాయితీ. లేతు తిప్పాడు, ప్రెస్సు నొక్కాడు, కొబ్బరినీళ్ల చేత్తో నా దగ్గరికొచ్చి మౌసు పట్టుకున్నాడు.

“జర ఆగుండ్రి సార్. ఇంకొక్కటి మార్చాలె.”

“మంచి గడియ పోతదన్నా,” అంటూ ఇన్‌స్టాల్ నొక్కేశాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. పని పూర్తయ్యాక కంప్యూటర్ మళ్లీ లేచింది. తెర మీద విండోస్, లినక్స్ రెండూ కనబడ్డాయి. డ్రాఫ్ట్స్‌మన్ ఒక బొమ్మ తెరిచి చూసుకుని తృప్తిగా తలూపాడు. డ్రైవు పీకేసి ఇంకోసారి లేపి చూడాలన్నాను. అంతలో మెయిన్ స్విచ్ ఆపేశారు. పూజ అయ్యాక మిషన్లకు విశ్రాంతి. యజమాని డ్రైవు జేబులో వేసుకుని చర్లపల్లి వెళ్లిపోయాడు. నా చేతిలో పులిహోర పొట్లం మిగిలింది.

సెలవు గడిచి పని మొదలైన పొద్దున ఇంటర్‌కం మోగింది. అప్పుడు నేను స్టోర్లో ఉన్నాను.

“సాబ్, కంప్యూటర్ లేస్తలేదు,” అన్నాడు ఫోర్‌మన్. ‘ఓవర్’ అనలేదు.

వెళ్లి చూశాను. నల్లటి తెర. డిస్కు దొరకలేదని తెల్లటి అక్షరాల్లో ఒక వరస. నేను భయపడిందే జరిగింది. బూట్‌లోడర్ లోపలి డిస్కులో కూర్చుంది, దానికి కావలసిన మిగతా ఫైళ్లు డ్రైవుతో పాటు చర్లపల్లిలో ఉన్నాయి. డ్రాఫ్ట్స్‌మన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“బొమ్మలు పోయాయాండీ?”

“పోలే సార్. ఇంట్ల సామాను ఇంట్లనే ఉంది, తాళంచెవి చర్లపల్లిల ఉంది. నేను తెచ్చి పెడ్త, లేస్తది. నేనొచ్చేదాక ఎవ్వల్నీ ముట్టనియ్యకుండ్రి.”

ఆ మాట యజమానికీ చెప్పాను. సరేనన్నాడు. ఫోర్‌మన్ బండి తీసుకుని బయల్దేరాను. అవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు. చర్లపల్లి దారిలో రాస్తారోకో. రోడ్డుకు అడ్డంగా జనం, పాటలు, ఆగిపోయిన బస్సులు. నేనూ ఆ గడ్డ మీద పుట్టినవాణ్ణే, తప్పుకోండని అడగడానికి నోరు రాలేదు. ఎండలో నిలబడ్డాను. ఎలాగో చేరేసరికి ఆ సాఫ్ట్‌వేర్ పార్టీ డ్రైవును నా ముందుకు తోశాడు.

“ఏంది భాయ్ గిది, మా దగ్గర అసలు లేస్తనే లేదు?”

ఎలా లేస్తుంది. లేపే ప్రోగ్రాము నాచారంలో ఉంది. అతనికి వివరించే ఓపిక నాకు లేదు. డ్రైవు రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుంటుండగా ఫోర్‌మన్ ఫోన్ చేశాడు.

“సాబ్, సార్ హబ్సిగూడ కెల్లి మెకానిక్‌ను పిలిపిచ్చిండు. వైరస్ అంటుండు. డిస్క్ మొత్తం తుడిచి ఫార్మాట్ కొడ్తడంట.”

“కొట్టనియ్యకు. సార్‌కియ్యి ఫోను.”

యజమాని అందుకున్నాడు. “పొద్దుగాల సంది పని ఆగిందన్నా. ఎంతసేపు సూడాలె?”

“వైరస్ గాదు సార్. డ్రైవ్ నా జేబుల ఉంది. నేనొచ్చేదాక ఆపుండ్రి, చాలు.”

“ఆఁ ఆఁ, రా జల్ది,” అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

తిరుగుదారిలో రాస్తారోకో ఇంకా విడవలేదు. బండిని సందుల్లోంచి తోసుకుంటూ, తిట్టుకుంటూ వచ్చాను. షెడ్డుకు చేరేసరికి మెకానిక్ సంచి సర్దుకుంటున్నాడు. “కొత్తదాని లెక్క చేసిన అంకుల్, మస్తు స్పీడ్ ఉంది,” అన్నాడు. యజమాని నన్ను ఎగాదిగా చూశాడు.

“పెట్టె తెర్వనే లేదు గదన్నా. బొమ్మలెట్ల పోయినయ్?”

కాపీ అన్నాను, తీగ అన్నాను, ఆగమన్నాను. అన్నీ గోడకు చెప్పినట్టయ్యాయి.

“తెచ్చారా సుబేదార్ గారూ? పెట్టి చూద్దామండీ,” అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్.

ఏమీ రాదని నాకు తెలుసు. అయినా రుమాలు విప్పి డ్రైవు పెట్టాను. ఏమీ రాలేదు.

తర్వాత ఆ డిస్కును రికవరీ షాపుకు తీసుకెళ్లాం. కొన్ని ఫైళ్లు దొరికాయి, వాటిలో తెరుచుకున్నవి తక్కువ. డ్రాఫ్ట్స్‌మన్ కొన్నాళ్లు పాత అచ్చులను మంచి కంటికి దగ్గరగా పట్టుకుని మళ్లీ కొలవబోయాడు. కొలతలు తప్పాయి. ఎండలు ముదరకముందే మానేశాడు. ఆయన వెళ్లిన నెలలోనే నేనూ గేటు తాళాలు ఫోర్‌మన్‌కు అప్పగించి ఉప్పల్‌కు వచ్చేశాను.

మంచు గురించి చెప్పమని కుర్చీ వేసినప్పుడల్లా నాకు ఆ ఆఫీసు గదే కనబడుతుంది. క్యాబినెట్ మీద దండ వాడిపోయింది. కంకణం కట్టింది కట్టినట్టే ఉంది. తెర మీద కొత్త విండోస్‌తో వచ్చే పచ్చటి గుట్ట, నీలి ఆకాశం, మూలన చెత్తబుట్ట బొమ్మ ఒక్కటే. డ్రాఫ్ట్స్‌మన్ ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వంగి, ఆ గుట్ట మీద మౌసు బాణాన్ని మెల్లమెల్లగా జరుపుతూ వెతుకుతున్నాడు.