మూత మీద మోచెయ్యి

మా ముత్తాత రాఘవరావు దేశ్‌ముఖ్ చేతిలో ఏడు ఊళ్ల శిస్తు వసూలు ఉండేది. తాత మాధవరావు ఊరి శిస్తు లెక్కలు చూసే మాలీ పటేల్. ఆయన వాకిట్లో చెప్పులతో ఎవరూ నిలబడలేదు. 2007లో నేను ఇబ్రహీంపట్నంలో, రేకుల షెడ్డులో నడిచే చిన్న ఫ్యాక్టరీలో డిజైన్ ఇంజినీరును. చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్న రోజులు. మేము పశువుల దాణా కలిపే మిక్సర్లు చేసేవాళ్లం.

మిక్సర్ మీద యాభై కిలోల ఇనుప మూత. అది దబ్బున పడకుండా డ్యాంపర్ పెట్టాను. డ్యాంపర్ అంటే నూనె నింపిన గొట్టంలో కదిలే కడ్డీ. మూత ఎంత వేగంగా కదిలితే అంత గట్టిగా అడ్డుకుంటుంది. కదలని మూతను మాత్రం పట్టి నిలపదు. కంప్యూటర్‌లో మోషన్ సిమ్యులేషన్, అంటే కదలికల నమూనా, నడిపితే మూత నాలుగు సెకన్లలో మెత్తగా వాలింది. మొదటి యంత్రం దగ్గర్లోనే ఉన్న కందుకూరులోని ఒక దాణా మిల్లుకు వెళ్లింది. "ఈ మూత ఎవరి మీదా పడదు, నాదీ హామీ" అని అక్కడి పనివాళ్లకు చెప్పి వచ్చాను.

పది రోజులకు మా ఫిట్టర్ సైదులు ఆ మిల్లుకు వెళ్లి వచ్చి నవ్వాడు.

"మీ మూతకు నిద్రెక్కువ సారు. ఆడ దాణా పోసే యాదమ్మక్క ఆగుతదా? నెత్తి మీద సంచి వెట్టుకొని మోచేత్తోని గట్టిగ నూకుతున్నది."

నాకు నవ్వు రాలేదు. సిమ్యులేషన్‌లో నేను లెక్కపెట్టింది మూత బరువు ఒక్కటే. మనిషి తోపును, మా భాషలో అప్లయిడ్ ఫోర్స్‌ను, ఇవ్వనే లేదు. వెంటనే మూత అంచున ముప్పై కిలోల తోపు ఇచ్చి మళ్లీ నడిపాను. వేగం పెరిగింది, డ్యాంపర్ మీద ఒత్తిడి దాని హద్దు దాటింది. రోజూ అలా నూకితే లోపల నూనెను ఆపే సీలు చిరుగుతుంది, నూనె కారిపోతుంది. ఆ తర్వాత అది ఉత్త గొట్టం. తెరిచిన మూతకు ఎవరి సంచి తగిలినా చాలు, దబ్బున పడుతుంది.

మిల్లుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. సైదులును వెనక కూర్చోబెట్టుకుని స్కూటర్ తీశాను.

"జర మెల్లగ సారు, మనకు డ్యాంపర్ లేదు" అన్నాడు. నేను వేగం ఇంకా పెంచాను.

మేం చేరేసరికి యాదమ్మ మిక్సర్‌లోకి వంగి, భుజం దాకా చెయ్యి పెట్టి అడుగు గీకుతోంది. డ్యాంపర్ కింద నూనె మరక. రెండు చేతులతో మూత పట్టుకున్నాను.

"చెయ్యి తియ్యమ్మా."

"జరాగు సారు, అడుగున అంటుకున్నది."

"ముందు తియ్యి. ఇది పడుతుంది."

ఆమె చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. "పడదని మీరే గద చెప్పిండ్రు?"

"చెప్పాను. నా లెక్క తప్పింది."

మూతను ముందుకు వాల్చి వదిలాను. పడిన చప్పుడుకు మిల్లులో అందరూ తిరిగి చూశారు. యాదమ్మ తన చేతిని చూసుకుంది.

"మూసేది మేము. ఎట్ల మూస్తరని ఒక్క మాటన్న అడిగిండ్రా?"

మా ఇంట్లో పనివాళ్లకు చెప్పడమే గాని అడిగే ఆచారం లేదు. అదే అలవాటుతో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ తర్వాత ఏ సిమ్యులేషన్ మొదలుపెట్టినా, ముందు యంత్రం దగ్గర నిలబడే మనిషిని అడిగాను: ఏ చేత్తో తోస్తారు, అప్పుడు నెత్తిన ఏముంటుంది, ఎంత తొందరలో ఉంటారు అని.

ఆ మూతకు రెండు పెద్ద డ్యాంపర్లు, తెరిచినప్పుడు ఆనించే ఊతకడ్డీ పెట్టించాను. ఖర్చు నాదేనని యజమాని అడగకముందే చెప్పాను. అందుకు తాతగారు తమలపాకులు పెట్టుకునే వెండి పాన్‌దాన్ అమ్మాను.