ఆ క్రాస్‌లో ఎవరూ దిగరు

హైస్కూలు దాకా నేను పోయింది జన్మకొక్కసారి. అదీ గేటు మీద బడి పేరు రాయడానికి. మిడిల్ స్కూల్లోనే ఆరో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక మానేసినవాణ్ణి. నిచ్చెన మీద నిలబడి పెద్ద పెద్ద కన్నడ అక్షరాలకు రంగు నింపుతుంటే, చిన్నప్పుడు అక్కడ నన్ను తప్పించి, ఇప్పుడు ఈ బడికి మారిన మేష్టరు బయటికొచ్చి తల పైకెత్తి, “ఇన్నాళ్ళకు గేటు దాకా వచ్చినావే” అన్నాడు.

“గేటు దాటి పైకెక్కినా సార్. మీ దగ్గర చదివినోళ్ళు ఎవరన్నా ఇంత ఎత్తుకు వచ్చినారా?” అన్నాను.

నా బతుకంతా ఇట్లాంటి జవాబులే. ఎవరన్నా మాట అంటే చాలు, నాలుక ముందు పరిగెత్తుతుంది, నేను వెనకాల పోతాను. ఒక్క జవాబు మాత్రం ఇవ్వకుండా ఉండాల్సింది.

చిక్కబళ్ళాపురంలో బోర్డులు రాసే చిన్న అంగడి నాది. ఫ్లెక్సులొచ్చినాక చేతిరాతకు గిరాకీ పోయింది. ఇప్పుడు ట్రాక్టర్ల వెనక, లారీల మీద, సమాధి రాళ్ళ మీద రాస్తుంటాను. ఇందులో సమాధులదే ఎక్కువ పని. లోపల పడుకున్నవాళ్ళు బాగాలేదని తిరిగి రారు గదా అని నవ్విస్తుంటాను.

మా ఇంటిపేరు ఇక్కడ రాయను. ఈ పక్కకు ఎప్పుడన్నా వచ్చి ఉంటే మీరు చూసే ఉంటారు. బాగేపల్లి రోడ్డులో ఒక క్రాస్‌కు అదే పేరు. ఊరు లోపలెక్కడో ఉంటే, రోడ్డు మీద బస్సు నిలిచే చోటును మేము క్రాస్ అంటాం. దాని వెనక ఎండిపోయిన చెరువుకు అదే పేరు, చెరువు వెనక గుట్టకూ అదే. చింతామణిలో బియ్యం మండీ పెట్టుకున్న శెట్టిగారిది అదే ఇంటిపేరు. మంచేనహళ్ళి పక్క తిరిగే ఒక బోరు లారీ నుదుటి మీద అదే, మండికల్లు దగ్గర పాలక్యాన్ల మీద అదే. సంతలో ఒక రకం చింతపండును ఇప్పటికీ ఆ పేరు పెట్టే అడుగుతారు. ఆ చెట్లు కొట్టేసి ఎన్నేళ్ళయిందో అడిగేవాళ్ళకూ తెలియదు, అమ్మేవాళ్ళకూ తెలియదు. వీటిలో సగం నా కుంచెతో రాసినవే. కులాలు వేరు, ఇంటి దేవుళ్ళు వేరు, పేరొక్కటే.

అన్నీ ఉన్నాయి, ఊరే లేదు. ఆ క్రాస్‌లో దిగి లోపలికి నడిస్తే మొండిగోడలు, గడపరాళ్ళు, కంపలో బోర్లాపడిన రెండు రోళ్ళు. తాలూకా ఆఫీసులో దాన్ని బేచిరాకు గ్రామం అంటారు. పేరుంది, మనిషి లేడు అని. ఎందుకు ఖాళీ అయిందంటే కరువని ఒకరు, కలరా గత్తరని ఇంకొకరు. మా నాయన్ను అడిగితే, “పోయినారు” అని ఒక్క మాట.

ఆయనకు ఒక అలవాటుండేది. ఆ పేరున్న మనిషి ఎవరు చచ్చిపోయినారని చెవిన పడినా వాకిట్లోకి పోయి, మూతి దగ్గర సొట్టపడిన ఇత్తడి చెంబుతో తలమీద నీళ్ళు పోసుకునేవాడు. ఎవరు, ఏ ఊరు, మనకేమవుతారు అని అడిగేది లేదు. జ్వరమున్నా అంతే.

నేను ఊరుకుంటానా. “నాయనా, ఆ క్రాస్ కూలిపోతే కూడా పోసుకుంటావా?”

“పోసుకుంటారా.”

“బోరు లారీ పల్టీ కొడితే?”

“దాంట్లో మనిషుంటాడు గదరా ఎదవా.” తువ్వాలుతో తల తుడుచుకుంటూ అన్నాడు. “నేను పోయినప్పుడు యాడో ఒకడు నాకూ పోసుకోవల్ల గదా.”

ఆయన పోయిన నెలకు చింతామణి మండీకి బోర్డు రాయను పోయినాను. శెట్టిగారు కుర్చీలోంచి లేచి నిచ్చెన దగ్గరికి వచ్చి, “మీ నాయన సంగతి తెలిసినపొద్దు తలకు పోసుకున్నానప్పా” అన్నాడు. ఆయన మా నాయన్ను ఒక్కసారీ చూసినవాడు కాదు. నేను నిచ్చెన దిగి వచ్చి దండం పెట్టినాను.

పోయిన సంవత్సరం మేము రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. నా భార్య పదహారేళ్ళుగా అడుగుతున్న ఇల్లు. శుక్రవారం పాలు పొంగించి లోపలికి పోవాలని పెట్టుకున్నాం. సోమవారం పొద్దున ఆమె నాకు ఉప్మా తెచ్చి అంగట్లోనే కూర్చొని ఉంది. అప్పుడొక ముసలామె వచ్చి, మా ఇంటిపేరు రాసిన అంగడి బోర్డు ముందర నిలబడింది. చేతిలో ఆధారు కార్డు. చదువు రాదు. కార్డును పైకెత్తి, దాంట్లోని అక్షరాల ఆకారాన్ని నా బోర్డు అక్షరాలతో ఒక్కొక్కటే పోల్చి చూస్తోంది.

“ఈ పేరు మీదేనా అప్పా?”

“మాదే అవ్వా. అద్దెకు తెచ్చింది కాదు.”

బాగేపల్లికి అవతల, గూళూరు పక్క ఒక చిన్న పల్లె ఆమెది. ముందురోజే మొగుడు పోయినాడు, పూడ్చినారు. కొడుకుల్లేరు, కూతుళ్ళూ లేరు. మూడో దినం, అంటే మరుసటి పొద్దున, సమాధి మీద పాలు పొయ్యాలి. మా పక్క అది ఆ ఇంటిపేరున్న మగవాడు చేసే పని. పల్లెవాళ్ళు ఎవరో ఒకరు పోస్తామన్నారంట. ఈమె ఒప్పుకోలేదు. మొగుడు పోయిన రెండో దినమే గడప దాటిందని తిట్టినారంట. రెండు బస్సులు మారి, పేరు అడుక్కుంటూ వచ్చింది.

“ఆయన బస్సులో పోయేటప్పుడు ఈ పేరు యాడ కనపడినా చెయ్యెత్తి మొక్కుతాండె. మనోళ్ళు ఉండారులే అంటాండె. ఒక్కరన్నా వచ్చి పోస్తే చాలప్పా. ఎవురూ లేనోడు మాదిరి పంపీను నాకు చేతకాదు.”

నా భార్య నా వైపు చూసింది. ఆ చూపు నాకర్థమైంది. పాలు పోస్తే నేను దాయాదినని ఒప్పుకున్నట్టు. పదకొండు దినాలు సూతకం. శుక్రవారం ఇంట్లోకి పోయేది లేదు. ముఖం మీద పోలేనని చెప్పే ధైర్యం నాకు లేదు. అట్లాంటప్పుడు నాకు తెలిసిందొక్కటే.

“బోర్డు చూసి చుట్టాలను పిలిస్తే ఎట్లవ్వా? బాగేపల్లి రోడ్డులో క్రాస్‌కూ మాదే పేరు. పోయి దాన్నడుగు. ఖాళీగానే ఉండాది, వస్తాదేమో.”

పక్కన టీ అంగడి ముందర ఉన్నవాళ్ళు నవ్వినారు. ముసలామె మాత్రం కార్డును కొంగులో ముడేసుకుంది.

“ఆ క్రాస్‌లో ఏ బస్సు నిలుస్తాదప్పా?” అని అడిగింది.

చెప్పినాను. అవును, చెప్పినాను. చేత్తో బస్టాండు దారి కూడా చూపించినాను.

ఆమె కనుమరుగైనాక నా భార్య మెల్లగా, “నువ్వు విన్లేదనుకో. శుక్రవారం దాటనీ” అంది. చావు మాట చెవిన పడి కూడా మా ఇంట్లో చెంబు కదలనిది అదే మొదటిసారి.

మధ్యాహ్నం కొత్తింటి గేటు రాయి మీద పేరు రాద్దామని కూర్చున్నాను. మొదటి అక్షరం దిగింది. రెండోదానికి కుంచె ఎత్తితే, నా భుజం వెనక ఎవరో కార్డు పట్టుకుని పోల్చి చూస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మళ్ళీ రాయి వైపు తిరిగినాను. అదే పేరు, అదే నల్లరాయి, అదే తెల్లరంగు, అదే చెయ్యి. సమాధుల మీద ఎట్ల రాస్తానో అట్లనే ఉంది. రోడ్డు మీద బోరు లారీ పోయింది, నుదుట మా పేరుతో. దాని వెనకే పాలక్యాన్ల ఆటో. నేనే రాసి ఊరి మీదికి వదిలిన అక్షరాలన్నీ ఆ పూట నన్ను వెతుక్కుంటూ వస్తున్నట్టుండె. కుంచె కడిగేసి ఇంటికి వచ్చేసినాను.

మంగళవారం పొద్దున నా భార్య మా నాయన చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందర పెట్టింది. తలమీద పోసుకున్నాను. ఆమె అదే చెంబు తోమి, పాలు పోసి, మూతికి అరిటాకు కట్టింది.

“ఇల్లు యాడికీ పోదు. బస్సు పోతుంది. లెయ్యి.”

అయినా బస్టాండులో రెండు బస్సులు వదిలేసినాను. ఆ ముసలామె ముందర నిలబడి ఏమనాలో తెలియక. మూడోదెక్కినాను. శుక్రవారం కొత్తింట్లోకి పోయేది ఇంక లేదని అప్పుడు తేలిపోయింది.

క్రాస్ వచ్చింది. కండక్టరు మా ఇంటిపేరు పెట్టి గట్టిగా అరిచినాడు, దిగేవాళ్ళున్నారా అని. నన్నే పిలిచినట్టు తల తిప్పి చూసినాను. ఎవరూ లేవలేదు. అయినా బస్సు ఒక నిమిషం నిలిచింది, ఎవరో ఎక్కాల్సి ఉన్నట్టు. కిటికీలోంచి చూస్తే, పేరు రాసిన రాయి కింద ఎర్రమన్ను కొత్తగా గీకి ఉంది. చేత్తో తవ్వినట్టు చిన్న గుంత. కుక్కల పని అనుకున్నాను.

బాగేపల్లిలో దిగి, ఆటో పట్టుకుని ఆ పల్లె చేరేసరికి ఎండెక్కింది. చేను గట్టు పక్కన కొత్త సమాధి. నలుగురు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు లేచి పోతున్నారు. పాలు అప్పుడే పోసేసినారు. ఆ నేల సున్నం చల్లినట్టు తెల్లగా ఉంటుంది. సమాధి తల దగ్గర మాత్రం, పాలల్లో నాని, పిడికెడు ఎర్రమన్ను.

ముసలామె నన్ను గుర్తుపట్టింది. చెంబు వైపు చూసింది. నేను తల వంచుకుని, “ఆలస్యమైందవ్వా” అన్నాను. చెంబు మూతికి కట్టిన అరిటాకు విప్పుతూ, “ఎవరు పోసినారు పాలు? ఈ మన్ను యాడిది?” అని అడిగినాను.

ఆమె కొంచెం జరిగి, నాకు చోటిచ్చింది.

“నువ్వు చెప్పినట్లే పోయి అడిగినానప్పా. నీకంటే ముందొచ్చి కూచోనుండాది.”