పన్నెండు రోజులు కదలని కుండీలు

మంగళవారం ఉదయం తూకం మధ్యలో ఉండగా ఫోన్ మోగింది. అంకుల్ దగ్గర్నుంచి మెసేజ్. "మీ ఆంటీ తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించిందమ్మా. చివర్లో నొప్పి లేదు." అప్పటికి నలభై కుండీలు తూచాను, ఇంకా యాభై ఆరు ఉన్నాయి. నిజం చెప్పాలంటే ముందు వచ్చింది ఏడుపు కాదు, నీరసం. మిగతావి కూడా తూచి, అంకెలు రాసి, మొక్కలు పెంచే గ్రోత్ ఛాంబర్ తలుపు వేసి, అప్పుడు కారిడార్‌లో నేల మీద కూలబడ్డాను. ఆవిడ ఉంటే తూకం పూర్తి చేసినందుకు ఏమీ అనేవారు కాదు, నేల మీద కూర్చున్నందుకు మాత్రం తిట్టేవారు.

ఆవిడ నాకు చుట్టం కాదు. కెనడాలోని సస్కటూన్‌లో నేను పీహెచ్‌డీ చేస్తున్న ల్యాబ్‌లో టెక్నీషియన్. అందరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు, నేనొక్కదాన్నే ఆంటీ అనేదాన్ని. బాపట్ల వైపు మనిషి. అగ్రికల్చర్ చదివి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి, దాదాపు ముప్ఫై ఏళ్లు ఇతరుల ప్రయోగాల కోసం మొక్కలు పెంచారు. ఆ ప్రయోగాల మీద వచ్చిన రీసెర్చ్ పేపర్లలో ఆవిడ పేరు ఎక్కడుందా అని ఒకసారి వెతికాను. అన్నింట్లోనూ చివర, కృతజ్ఞతలు చెప్పే చిన్న అక్షరాల్లో ఉంది. రచయితల వరసలో ఒక్కచోటా లేదు.

మా పని ఆవ మొక్కతో. ఆకుల మీద కంటికి కనబడని రంధ్రాలుంటాయి. మొక్క గాలి పీల్చేదీ, నీరు పోగొట్టుకునేదీ వాటిలోంచే. ఫలానా జన్యువును కత్తిరిస్తే నీటి ఎద్దడిలో ఆ రంధ్రాలు త్వరగా మూసుకుంటాయని మా ప్రొఫెసర్ ఆశ, నా థీసిస్ కూడా అదే. జన్యువు కత్తిరించిన మొక్కల్నీ మామూలు మొక్కల్నీ ఒకే గదిలో పెంచి, నీళ్లు ఆపేసి, ఏవి ముందు వాడిపోతాయో చూడాలి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం, ఎంత నీరు పోయిందో తెలియాలంటే, రోజూ తొంభై ఆరు కుండీలు ఎత్తాలి, తూచాలి, దించాలి.

దించేటప్పుడు ఉన్నచోటే దించకూడదు. ప్రతి కుండీనీ ఒక్కో చోటు ముందుకు జరపాలి, వరస చివరిది మొదటికి రావాలి. ఛాంబర్‌లో ఫ్యాన్ ఒక పక్కనే ఉంటుంది, దాని ఎదురుగా ఉన్న మట్టి త్వరగా ఆరిపోతుంది. అన్ని మొక్కలూ వంతులవారీగా ఆ గాలిని భరించాలన్నది ఆవిడ నియమం. నేను దాన్ని ప్రదక్షిణ అనేదాన్ని. "మీరు గుడి చుట్టూ తిరుగుతారు, ఇక్కడ మొక్కలే తిరగాలమ్మా, మనకి మోకాళ్లు లేవుగా" అని నవ్వేవారు. భోజనం ముందు డబ్బా మూత తీసి, కళ్లు మూసుకుని పది క్షణాలు ప్రార్థన చేసుకునేవారు. కళ్లు తెరవగానే మొదటి మాట, "ఛాంబర్ తలుపు సరిగ్గా పడిందా?"

అలిసిపోయి ఉన్నప్పుడు నేను అడ్డదారులు వెతుకుతానని ఆవిడకు మొదటి ఏడాదిలోనే అర్థమైంది. "ఓపిక ఉన్నరోజు అందరూ బాగానే చేస్తారు. అలిసిపోయిన రోజు ఏం చేస్తావో అదే నీ పద్ధతి" అన్నారు ఒకసారి, పెన్సిల్‌తో లేబుళ్లు రాస్తూ. నాకు కోపం వచ్చింది. నిజమైన మాటకి నాకెప్పుడూ కోపమే వస్తుంది.

రెండేళ్ల కిందట, చలికాలంలో, ప్రయోగం మొదలవుతుండగా ఆవిడకు ఆపరేషన్ అన్నారు. పన్నెండు రోజులు రారు. కుండీలు అమర్చింది నేనే. అంకెలు ఎక్కించడం తేలికని మామూలు మొక్కలన్నీ ఒక పక్క, కత్తిరించినవన్నీ ఇంకో పక్క పెట్టాను. ఎలాగూ రోజూ జరుగుతాయి కదా అనుకున్నాను. మొదటి రోజు అమర్చడంతోనే సరిపోయింది. రెండో రోజు స్టూడెంట్ల పేపర్లు దిద్దాల్సి ఉంది. మూడో రోజు బస్సు రాలేదు, మైనస్ ముప్ఫై ఐదులో నడిచి వచ్చాను. తూచి, ఎక్కడివక్కడే పెట్టేశాను. ఆ తర్వాత ఇక కారణాలు కూడా అవసరం లేకపోయాయి.

ఫలితం మాత్రం కళ్లు చెదిరేలా వచ్చింది. మామూలు మొక్కలు తలలు వాల్చేశాయి, జన్యువు కత్తిరించినవి నిటారుగా నిలబడ్డాయి. ప్రొఫెసర్ ఫోటోల్ని పెద్దవి చేసి మళ్లీ మళ్లీ చూశారు. సాయంత్రం అందరి ముందూ, ఈ పేపర్‌లో ఆంటీ పేరు రచయితల్లో ఉంటుందని చెప్పారు. ఇంట్లో పడుకుని ఉన్న ఆవిడకి ఆ మాట నేనే ఫోన్‌లో చెప్పాను. "అవునా" అన్నారు. మళ్లీ "అవునా అమ్మా" అన్నారు.

తిరిగొచ్చిన రోజు, కోటు కూడా విప్పకుండా ఛాంబర్‌లోకి వెళ్లారు. నేను వెనకే ఉన్నాను. ఫ్యాన్ పక్కనున్న మామూలు మొక్కల కాడల మీద అరచెయ్యి పెట్టి మెల్లగా పోనిచ్చారు. అన్నీ ఒకే వైపుకి వంగి ఉన్నాయి. నేను రోజూ ఎత్తి దించిన మొక్కలే, నాకెప్పుడూ కనబడలేదు.

"ఇవి కదల్లేదు కదమ్మా."

"లేదాంటీ."

"ఎన్ని రోజులు?"

చెప్పాను. ఆవిడ అరవలేదు. స్టూలు లాక్కుని, కుట్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. "అయితే ఇది జన్యువు కాదమ్మా, ఫ్యాన్. మళ్లీ చెయ్యాలి."

"రిపీట్ అంటే ఇంకో మూడు నెలలాంటీ. నా స్టడీ పర్మిట్ ఏప్రిల్‌ల అయిపోతది. ఎక్స్‌టెన్షన్‌కి సార్ లెటర్ కావాలె. మీ పేరు కూడా ఉంది కద ఇందులో."

"మొక్కకి నీ పర్మిట్ డేట్ తెలీదమ్మా, నా పేరు అసలే తెలీదు. వెళ్లి చెప్పు."

వెళ్లాం. చెప్పడానికే నోరు తెరిచాను, ఒట్టు. ఆయన కంప్యూటర్ మీద ఆ మొక్కల ఫోటో ఉంది. నా నోట్లోంచి వచ్చింది వేరు. "ఛాంబర్‌లో గాలి సమంగా లేదు సర్, ఫలితం నమ్మలేం" అన్నాను, ఇంగ్లిష్‌లో, మర్యాదగా. ఆయన ఆంటీ వైపు తిరిగారు. ఛాంబర్ బాధ్యత ఆవిడది. కుండీలు మార్చే ఏర్పాటు చెయ్యకుండా వెళ్లారా అని అడిగారు.

ఆంటీ నా వైపు చూశారు. ఆ చూపులో అడగడం ఉంది, బలవంతం లేదు. నేను నేల చూశాను.

"చూసుకోవాల్సింది నేనే" అన్నారాయనతో.

మళ్లీ చేశాం. మూడు నెలలు, ఇద్దరం కలిసి, ఒక్కరోజు మానకుండా. ఆవిడ బరువులెత్తకూడదు కాబట్టి నేను ఎత్తాను, ఆవిడ రాశారు. రెండు రకాల మొక్కలూ ఇంచుమించు ఒకే రోజున వాడిపోయాయి. పేపర్ లేదు. నాకు లెటర్ వచ్చింది, ఎక్స్‌టెన్షన్ వచ్చింది, థీసిస్‌కి ఇంకో జన్యువు దొరికింది. ఆవిడ మరుసటి ఏడాది, ఏ పేపర్ మీదా పేరు లేకుండానే, రిటైరయ్యారు. ఆ సంగతి మా మధ్య మళ్లీ ఎప్పుడూ రాలేదు. రాలేదు కాబట్టి క్షమించేశారని నాకు నేనే చెప్పుకున్నాను. దోసకాయ పప్పు మాత్రం చివరిదాకా పంపారు.

శనివారం చర్చిలో ఆవిడ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక జరిగింది. ప్రొఫెసర్ లేచి మాట్లాడారు. ఆయన ఆవిణ్ణి ఎంతో ఇష్టపడి మాట్లాడారు, అందులో అనుమానం లేదు. "అంత జాగ్రత్త గల మనిషి కూడా ఒక్కసారి పొరపాటు చేసింది. కానీ దాన్ని తనే పట్టుకుంది, తనే మళ్లీ చేయించింది" అన్నారు. జనం తడికళ్లతో నవ్వారు. ముందు వరసలో ఆవిడ కూతురు కూడా నవ్వింది. తల్లి ముప్ఫై ఏళ్ల పనిలో ఆ పిల్లకి మిగిలిన కథ అది, అందులో తప్పు కూడా తల్లిది కాదు, నాది. ఆ క్షణంలో నా మీద నాకు పుట్టిన అసహ్యాన్ని ఇక్కడ తగ్గించి రాయను.

కింద హాల్లో సాండ్‌విచ్‌లూ, సంఘం ఆడవాళ్లు తెచ్చిన ఉప్మా పెట్టారు. అంకుల్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఆ రోజే ఇంటికొచ్చి చెప్పిందమ్మా. పిల్ల బాగా అలిసిపోయిందండీ అంది."

"ఆంటీ మరి సార్‌కి ఎందుకు చెప్పలేదంకుల్?"

"నువ్వే చెప్తావనుకుంది." కప్పు బల్ల మీద పెట్టారు. "రిటైరయ్యే రోజు వరకూ అనుకుందమ్మా. ఆ రోజు కూడా ల్యాబ్‌లోనే ఆగి, కొంచెం ఆలస్యంగా ఇంటికొచ్చింది."

నేను మెట్లెక్కి పైకి వెళ్లాను. ప్రొఫెసర్ తలుపు దగ్గర, తగిలించిన కోట్ల కింద బెంచీ మీద కూర్చుని, వచ్చేటప్పుడు విప్పిన మంచు బూట్లు తొడుక్కుంటున్నారు. ఆయన ముందు నిలబడి, ఈసారి ముందుగా వాక్యాలు కూర్చుకోకుండా, ఆ పన్నెండు రోజులూ నావి సర్ అన్నాను. మొదటి నుంచి చెప్పాను. జనం మమ్మల్ని తప్పించుకుంటూ బయటికి వెళుతున్నారు, తలుపు తెరిచిన ప్రతిసారీ చలి లోపలికి వస్తోంది. ఆయన ఒక కాలికి బూటు తొడిగారు. రెండోది చేతిలో ఉంది. ఆ కాలు, ఉత్త మేజోడుతో, అందరి బూట్ల నుంచి కరిగి చేరిన మంచునీళ్లలో ఉంది. మేజోడు మడమ దాకా తడిసిపోయింది. నేను చెప్పడం అయిపోయాక కూడా ఆయన ఆ కాలు పైకి తియ్యలేదు.