యాదమ్మ రాసిన మూడు వాక్యాలు

దేవరకొండ దగ్గర మా బడి ఉర్దూ నుంచి తెలుగుకు మారి రెండేళ్లు కాలేదు. పుస్తకాలు చాలవు. అందుకే ఈ రోజు నాలుగో తరగతికి పాత పత్రికలోంచి ఒక కథ చదివాను. తప్పిపోయిన మేక పొద్దుగూకేసరికి ఇంటికొస్తుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎన్నడూ నోరు విప్పని యాదమ్మ మాత్రం లేచి, "గది అబద్ధం సారూ. తప్పిపోయిన మేక రాదు, తోడేలు తింటది" అంది. తరగతంతా రెండు జట్లై వాదించుకుంది. గొంతు పోయేలా అరిచి అందరినీ కూర్చోబెట్టి, "నీ కథ నువ్వే రాయి" అన్నాను.

ఏడాదిగా పేరు తప్ప మరేదీ రాయని పిల్ల పలక మీద రాసింది: "మా మేక రాలె. బాపు కొట్టలె. రేపటి సంది మేకలు నేనే కాయాలె, బడి బందు."

సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ వాళ్లింటికి వెళ్లి, ఆ పలక చదివి వినిపించి, బడి మాన్పించవద్దని తండ్రిని బతిమాలాను. ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు. ముఖం వెలిగిపోయింది.

"గిది మా పిల్ల సొంతంగ రాసిందా? అయితే రాయొచ్చింది గద సారూ, ఇంక బడెందుకు?"

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. తోటి పంతుళ్లెవరైనా చెప్పండి, ఏమనాల్సింది?