పెంకుపురుగు జాడ, గెంతుడెలుక జాడ

ట్యునీషియా ఎడారి అంచున ఉన్న దూజ్ ఊరి చివర, మా వీధిలో దహబియ అత్త కాపురం పెట్టి పదహారేళ్లయింది. వరసగా కరువులొచ్చి మేకలూ, ఒంటెలూ, చివరికి గుడారమూ అమ్ముకున్నాకే ఆ సిమెంటు ఇల్లు. కొళాయి ఉంది, కరెంటు ఉంది. అయినా రోజూ సాయంత్రం ఎడారి వైపు గోడకు మోచేతులు ఆనించి నిలబడేది.

ఆ ఏడు వసంతం మొదట్లో, ట్యూనిస్‌లో చదువుకుంటున్న హాలా అనే పిల్ల వచ్చింది. ఒకే పొద కింద రాలిన గింజలు తినే నల్ల పెంకుపురుగునీ గెంతుడెలుకనీ పోల్చి చూడాలట. ఏది ఎంత దూరం తిరుగుతుందో తెలియాలట. జాడలు గుర్తుపట్టే మనిషి కావాలంటే అందరూ అత్తనే చూపించారు.

"ఈ వయసులో పురుగుల వెంట పడతావా?" అని నవ్వాడు మామ బెల్గాసెం.

"నీ వెంట నలభై ఏళ్లు పడలేదూ?" అంది అత్త చెప్పులు వేసుకుంటూ.

జాడలు చెరిపే గాలి లేవకముందే ఇద్దరూ ఇసుకలోకి వెళ్లేవాళ్లు.

"ఇదిగో, అంచు కుట్టినట్టు సన్నగా ఉందే, ఇది పురుగుది. పొద చుట్టూ తిరిగి మళ్లీ ఇక్కడికే వచ్చింది. అవిగో జంట గుంటలు, మధ్యలో బారెడు ఖాళీ. ఎలుక గెంతుకుంటూ పోయింది."

హాలా గబగబా రాసుకునేది.

ఒకరోజు ఎలుక జాడ పట్టుకుని వెళ్లిన అత్త ఎండెక్కినా రాలేదు. హాలా ఆమె అడుగులు చూసుకుంటూ వెళితే, దిబ్బ అవతల మసి పట్టిన మూడు రాళ్ల దగ్గర కూర్చుని ఉంది. ఒకప్పటి వాళ్ల పొయ్యి అది.

"పిన్నీ, హడలిపోయాను! ఎలుక ఏమైంది?"

"అదెప్పుడో బొరియలో దూరి ఇసుకతో తలుపేసుకుంది. నాకే లేవబుద్ధి కాలేదు. నా ప్రతి మేకకీ ఒక పేరుండేదే. పిలుద్దామని నోరు తెరిస్తే మూడు పేర్లే గుర్తొచ్చాయి."

హాలా పక్కనే కూర్చుండిపోయింది.

పని ముగిసి ఆ పిల్ల వెళ్లిపోయాక, అత్త మామని అడిగింది. "ఏవయ్యా, నాలుగు రోజులు మన పాత పొయ్యి దగ్గర ఉందామా?"

"గుడారమేదే?"

"దుప్పట్లున్నాయిగా."

 ఆ శుక్రవారం మామ నాలుగు కర్రలు, దుప్పట్లు భుజాన వేసుకుని ముందు నడిచాడు.

తిరిగొచ్చాక అడిగాను, ఎలా ఉందత్తా అని.

"గాలి అదే, ఇసుకా అదే. తెల్లారగానే పాలు పితుకుదామని గిన్నె కోసం తడుముకున్నానే."

మామ ముఖం అటు తిప్పుకున్నాడు.