కుప్పుస్వామి చెయ్యి పెట్టని తొట్టి

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో కరెంటు పని అంటే కుప్పుస్వామి, కుప్పుస్వామి అంటే కరెంటు పని. ఈ మాట అందరికంటే ఎక్కువసార్లు చెప్పేది కుప్పుస్వామే. ముప్పై ఏళ్లలో తన చేతి పనికి ఒక్కరికి కూడా షాక్ కొట్టలేదని టీ అంగడి దగ్గర అడిగినవాడికీ అడగనివాడికీ వినిపించేవాడు. టీ కాచే మనిషికి అది కంఠతా వచ్చేసింది.

అయితే వట్టి గొప్పలు కావవి. పని నేర్పిన గురప్ప మేస్త్రి దగ్గర ఒక పద్ధతి పట్టుకున్నాడు. మోటారైనా గీజరైనా, పని ముగిశాక టెస్ట్ ల్యాంపుతో చూసి, ఆపైన ఇంటివాళ్లకంటే ముందు తనే తాకేవాడు. "ముందు నా చెయ్యి, తర్వాత మీ చెయ్యి" అనేవాడు. ఆ ఒక్క మాటకే జనం ఆయన్ను నమ్మేవాళ్లు.

రెండువేల మూడు ఎండాకాలంలో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపే ధనంజయ నాయుడు కొత్త ఇల్లు కట్టి, బెంగళూరు నుంచి వేన్నీళ్ల తొట్టి తెప్పించాడు. మనిషి కాళ్లు చాపుకొని కూర్చునేంత తొట్టి. అడుగున హీటరు, నీళ్లను చిమ్మే మోటారు. వాళ్లమ్మ వరదమ్మ మోకాళ్ల నొప్పుల కోసమే ఇదంతా. అలాంటి తొట్టిని కుప్పుస్వామి పుట్టి బుద్ధెరిగి చూసింది లేదు. ఆ సంగతి ఒప్పుకుంటే కుప్పుస్వామి ఎట్లా అవుతాడు?

పని మాత్రం శ్రద్ధగానే మొదలుపెట్టాడు. మెయిన్ బోర్డు నుంచి తొట్టికి విడిగా లావు వైరు లాగాడు. స్విచ్చి బాత్రూం బయట పెట్టాడు. పెరట్లో గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్త్ దించాడు. కరెంటు కాస్త నీళ్లలోకి కారినా తనంతట తనే పడిపోయే ట్రిప్ స్విచ్చి బిగించాడు. తీరా చూస్తే తొట్టి కిందికి వైరు మూరెడు తక్కువైంది. మళ్లీ మొదటి నుంచీ లాగాలంటే పూర్తిగా ఒకరోజు పని, తెల్లారితే గృహప్రవేశం. మూరెడు ముక్క అతికించి, టేపు చుట్టి, తడి తగిలే చోటే వదిలేశాడు.

మర్నాడు బంధువులందరి ముందు స్విచ్చి వేస్తే ట్రిప్ పడిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ పడింది. నాలుగోసారికి ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏందప్పా కుప్పుసామీ, ముప్పై ఏండ్ల పనితనం ఇదేనా?" అన్నాడు ధనంజయ, వేళాకోళంగానే.

కుప్పుస్వామికి తల కొట్టేసినట్టయింది. "ట్రిప్పులోనే లోపం ఉండాది సామీ" అని, దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపేశాడు. నీళ్లు బుసబుసా పొంగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆదివారం వచ్చి సరిచేద్దాంలే అనుకొని పోయి భోజనాల పంక్తిలో కూర్చున్నాడు. నెల దాటినా ఆ ఆదివారం రాలేదు.

చివరికి వరదమ్మే కబురు పెట్టింది. వెళ్లేసరికి గడపలోనే ఎదురొచ్చి పాయసం గ్లాసు చేతికిచ్చింది.

"నువ్వు సల్లగుండాల కుప్పుసామీ! పది దినాలుగా ఆ తొట్లో కాళ్లు పెడితే సాలు, సీమలు పాకినట్టు జుమ్మంటా ఉండాది. ఆస్పత్రిలో మోకాళ్లకు కరెంటు పెడతారే, అట్లే! నొప్పి సగం పోయింది. రేపు మనవరాలు రూపశ్రీ వస్తాది, దాన్ని గూడా కూసోబెడతా."

కుప్పుస్వామి గ్లాసు అక్కడే పెట్టి, ఒక్క పరుగున పోయి మెయిన్ ఆపేశాడు. తొట్టి కింద టేపు తడిసి ఊడిపోయి ఉంది. పెరట్లో ఎర్త్ గుంత, ఎండలకు నీళ్లు పోసే దిక్కు లేక, ఎండి పగుళ్లిచ్చింది. భూమిలోకి పోయే దారి లేని కరెంటు నీళ్లలోనే ఉండిపోయింది. ట్రిప్ మొదటిరోజే మొత్తుకుంది. దాని నోరు నొక్కింది తనే.

సాయంత్రం దాకా ఒళ్లు వంచి పనిచేశాడు. అతుకు లేకుండా కొత్త వైరు లాగాడు. గుంతకు పది బిందెలు పోశాడు. కొత్త ట్రిప్ బిగించి, దాని టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడింది. ఇంక ఎవరికీ ఏమీ చెప్పకుండా జారుకోవచ్చు. చెప్పులు కూడా వేసుకున్నాడు.

"ఆ జుమ్మనేది తగ్గించలేదు గదా?" అంది వరదమ్మ. "ఇంకొంచెం ఎక్కువే పెట్టు నాయనా."

కుప్పుస్వామి మెట్టు మీద కూలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

"అది వైద్యం కాదమ్మా. కరెంటు. నీళ్లలోకి కారింది. ట్రిప్పు మంచిదే, నేనే తీసేసినా."

ఆమె కాసేపు తన పాదాలకేసి చూసుకుంది. "నీకు అప్పుడే తెలుసునా?"

తెలీదమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ గృహప్రవేశం నాడు, ముప్పై ఏళ్లలో మొదటిసారి, తను నీళ్లలో చెయ్యి పెట్టలేదు. తీరిక లేక అనుకున్నాడు ఇన్నాళ్లూ. తీరిక లేక కాదు, భయపడి.

"తెలుసమ్మా. ఆ దినం నేను చెయ్యి పెట్టలేదు."

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. వరదమ్మ తొట్టి నింపి స్విచ్చి వేయమంది. కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చుని, కాళ్లు పైకి ముడుచుకుంది.

"ముందు నువ్వు దిగప్పా."

కుప్పుస్వామి ప్యాంటు పైకి మడిచి, కాళ్లు కడుక్కొని దిగాడు. వేన్నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. జుమ్మనలేదు.

"ఇంకొంచేపు ఉండు" అంది.

ఉన్నాడు. తలెత్తలేక, నీళ్లలో తన పాదాలనే చూసుకుంటూ, ఆమె చాలనేదాకా నిలబడ్డాడు.